ఖాళీ క్యూవెట్‌లో చుట్టం

లేజర్ ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థిని, ఆమె గైడు. మధ్యలో క్యూవెట్, శాంపిల్ పోసే చిన్న గాజు పాత్ర.

"మళ్ళీ చెప్పు. క్యూవెట్‌లో ఏం పోశావు?"

"ఏమీ పొయ్యలేదు సార్. కడిగి ఆరబెట్టిన ఉత్త గాజు. శాంపిల్ పోయడం మర్చిపోయి లేజర్ వేశాను."

"మర్చిపోయావు."

"మర్చిపోయాను సార్. అయినా మన చుట్టం వచ్చాడు."

"చుట్టమేమిటి? రియాక్షన్ మధ్యలో పుట్టి మాయమయ్యే కొత్త అణువు అది. రెప్పపాటు దానికి ఒక యుగం."

"ఆ పేరు పెట్టింది మీరే సార్."

"ముద్దుకి పెట్టాను. క్యూవెట్ సరిగ్గా కడిగి ఉండవు."

"కొత్తవి విప్పి చూశాను. వాటిల్లోనూ వచ్చాడు."

"శాంపిల్ లేకుండా ఎక్కణ్ణుంచి వస్తాడు?"

"గాజులోంచి. మొదటి లేజర్ మెరుపు రియాక్షన్ మొదలుపెడుతుంది, రెండోది ఫోటో తీస్తుంది. రెండూ ఒక్కసారే పడితే గాజే ఆ సిగ్నల్ ఇస్తోంది సార్. రియాక్షన్‌తో పనే లేదు."

"చూడు తల్లీ. రేపు సభలో నా ఉపన్యాసం ఈ అణువు మీదే. వచ్చే వారం నీ థీసిస్ వెళ్ళాలి. అందులోంచి ఇది తీసేస్తే ఏం మిగులుతుంది?"

"అట్ట మిగులుతుంది సార్. కృతజ్ఞతల పేజీ కూడా."

"వేళాకోళమా?"

"ఏడవలేక సార్."

"అయినా ఇంకో రెండు ల్యాబుల వాళ్ళకీ ఇదే వచ్చింది కదా. పేపర్లు కూడా వేశారు కదా."

"వాళ్ళవీ గాజు క్యూవెట్లే కదా సార్."

"అసలు ఖాళీ దాంతో కొలవమని నిన్నెవరడిగారు?"

"మర్చిపోయాననే చెప్పాను కదా సార్. తర్వాత పుస్తకం తీసి చూస్తే, అన్నిటికంటే ముందు ఖాళీ దాంతోనే కొలవాలని ఉంది."

"ఏ పుస్తకం?"

"మీరు రాసిందే సార్."

"సరే, సరే. ఈ మాట ఈ గది దాటకూడదు. ఎవరితోనూ అనకు."

"అనేశాను సార్."

"ఎవరితో?"

"ఆ రెండు ల్యాబులకీ నిన్ననే రాశాను. పొరపాటు నాదేనేమో, మీరూ ఒకసారి ఖాళీ క్యూవెట్‌తో చూడండి అని."

"కొంప ముంచావు. నవ్వి ఉంటారు."

"నవ్వలేదు సార్. ఇద్దరూ ఒకటే జవాబు రాశారు."

"ఏమని?"

"'మాకు ఎప్పుడో తెలుసు. ముందు మీ సార్‌ని చెప్పమనండి, వెనకే మేమూ చెప్తాం.'"