హెప్సిబా గారి అనుమానం

1989 ఆగస్టు 17న ఉయ్యూరులోని ప్రభుత్వ రక్తపరీక్షల ప్రయోగశాలలో శ్రీమతి హెప్సిబా గారు టెక్నీషియన్‌గా బాధ్యతలు స్వీకరించారు. అప్పగించిన మైక్రోస్కోపును తుడిచి, మళ్ళీ తుడిచి, అప్పటికీ నమ్మకం కుదరక, ముందుగా తమ రక్తాన్నే దాని కింద పెట్టి చూసుకున్నారట.

ఆ తర్వాత కొండపల్లికి వెళ్ళి, అక్కడ తొమ్మిదేళ్ళ సేవానంతరం 2007లో విజయవాడకు బదిలీ అయ్యారు. కొత్త యంత్రాలు వచ్చినా ఆమె తీరు మారలేదు. "యంత్రం సంతకం పెట్టదు కదండీ, పెట్టేది నేను" అంటూ రెండోసారి చూడనిదే ఏ రిపోర్టునూ బయటికి పంపేవారు కారు. ఆమెకు 'అనుమానప్పక్షి' అని పేరు పెట్టిన పాపం రికార్డుల విభాగపు రామకోటేశ్వరరావుది, అనగా ఈ వ్యాసకర్తది.

2019 వానాకాలంలో ఆ రామకోటేశ్వరరావుకే జ్వరం పట్టుకుంది. చిగుళ్ళ వెంట రక్తం, ఒంటినిండా కమిలిన మచ్చలు. రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోయాయి. అందరూ డెంగీ అన్నారు. హెప్సిబా గారు మాత్రం సూది పట్టుకొచ్చారు.

"మళ్ళీనా? నా మీద అనుమానమాండీ?"

"మీ మీద కాదండీ, శాంపిల్ మీద. చెయ్యి చాపండి."

రెండో శాంపిలూ అదే చెప్పింది. పది రోజులైనా కణాలు పెరగకపోవడంతో ఆమె స్లైడు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. "ఇది డెంగీ కాదేమో సార్. మూలుగ చూడాలండి."

ఎముక లోపలి మూలుగను పరీక్షిస్తే, రక్తం తయారుకావలసిన చోట కొవ్వు పేరుకుని ఉంది. అది ఎప్లాస్టిక్ ఎనీమియా. పుట్టుకతో వచ్చినది కాదు, నడుమ వచ్చినది. రోగి భయపడిపోయాడు. ఎవరో చేతబడి చేశారనీ, ఏదో మందు పెట్టారనీ ఊళ్ళో వాళ్ళందరినీ అనుమానించసాగాడు.

"ఎవరూ ఏం చెయ్యలేదండీ. మీ ఒంట్లోని కాపలా కణాలే మీ మూలుగని దొంగనుకుని కొడుతున్నాయి."

"అంటే అవీ మీలాంటివేనా?"

"నేనైతే రెండోసారి చూసుకుంటానండీ. అవి చూసుకోవు."

ఆ కణాలను అదుపుచేసే మందులతో, ఎక్కించిన రక్తంతో ఆరు నెలలు గడిచాక కణాల లెక్క కొద్దిగా పెరిగింది. హెప్సిబా గారు నమ్మలేదు. మూడుసార్లు పరీక్షించి, చివరికి రిపోర్టు మీద సంతకం చేస్తూ కళ్ళు తుడుచుకున్నారు. ఆనాడు ఈ వ్యాసకర్తకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఈ జబ్బు తిరగబెట్టవచ్చునన్న భయం నేటికీ ఉంది. గత వారం ఆమె చివరిసారిగా శాంపిల్ తీస్తుంటే, "వచ్చే నెల మీరుండరు కదండీ" అన్నాడు రామకోటేశ్వరరావు.

"గుణదల ఎంత దూరమండీ? రిపోర్టు పట్టుకుని ఇంటికి రండి. నమ్మాలో వద్దో నేను చెప్తాను."

పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి హెప్సిబా గారు కుటుంబసమేతంగా ఆరోగ్యంతో, ఆనందంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, వారి అనుమానం కూడా వారితోపాటు నిక్షేపంగా ఉండాలనీ, దాని పుణ్యాన బతికి ఉన్నవాడు మనసారా కోరుకుంటున్నాడు.