అక్క కలిపిన యూరియా నీళ్ళు

ఇట్రా కిరీటీ, కాసేపు కూచో. ఆ యూరియా బస్తా ఇవాళ విప్పమాక. మబ్బు పట్టిందంటావు, పడితే పడుద్ది, లేదంటే తేలిపోద్ది. నేల్లో తడి ఉందో లేదో వేలు పెట్టి చూశావా అసలు? ఆ బస్తా చూస్తే నాకు ఒకటే గుర్తొస్తుందిరా. మీ పెద్దత్త, అదే, మా అక్క సంపూర్ణమ్మ, నీకు ఊహ తెలీకముందే పోయిందిలే. మొగుడు పక్షవాతంతో మంచాన పడితే ఇంటెనకాల చేను తనే చూసుకునేది. ఆ ఏడు వరి కోసిన మళ్ళో మొక్కజొన్న వేసింది. కాలవేమో ముందే కట్టేశారు. చేను మోకాలెత్తు వచ్చి, అడుగాకులు పసుప్పచ్చగా తిరిగినయ్. చుట్టుపక్కలోళ్ళంతా పొడి నేల మీదే యూరియా చల్లారు. ఏవయింది, మంచుకి కరిగి, ఎండకి ఘాటు కొట్టి గాల్లో కలిసింది. మొక్కకేం అందలా. అక్క చల్లలేదు. 'గొంతు తడారిన పిల్ల నోట్లో అటుకులు పోస్తే మింగుద్దా? తడుంటేనేగా వేరు లాక్కునేది' అనేది. చేలోకి నీళ్ళొచ్చే బోదె గుంటలో మిగిలిన నీళ్ళు మోసుకొచ్చి, దొడ్లో గోలెంలో యూరియా చిక్కగా కలిపి, చెంబెడు తీసి బిందెడు నీళ్ళల్లో పోసి, మొక్క మొక్కకీ పోసేది. నేనూ మోశా. మేం చేలో ఉండగా అక్క పాడిగేదె పలుపు తెంపుకుందిరా. ఈని నెల తిరగలేదు. కుడితి అనుకుంది పాపం, గోలెంలో మూతి పెట్టేసింది. వచ్చేసరికి వణుకు, నోట్లో నురగ, కడుపు ఉబ్బిపోయి... పామర్రు నుంచి డాక్టరుగారు వచ్చేలోపే అయిపోయింది. అక్క దాని మెడ మీద చెయ్యేసి కూచుంది, కూచుని, లేచి మళ్ళీ బిందె ఎత్తుకుంది. నేను అడ్డంపడ్డా, 'ఇవాల్టికి చాలక్కా' అని. 'అది ఎటూ పోయింది. ఇవి కూడా పోతే ఆయనకేం పెట్టను? తప్పుకో రత్తమ్మా' అంది. ఏడుస్తానే పోసిందిరా, ఆఖరి సాలు దాకా. ఆ ఏడు ఊళ్ళో కండె నిండుగా పట్టింది అక్క చేలోనే. 'ఎట్లా పండించావు సంపూర్ణమ్మా' అని అడిగేవాళ్ళు. లేచి దూడ దగ్గరికి పోయేది. దూడని సీసాతో పాలు పట్టి బతికించింది. అది పెద్దదై కుడితికి మూతి చాపిందంటే చాలు, చేతిలో ఏమున్నా పడేసి వచ్చేది. ముందు తను వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేది. తనే కలిపింది కదా, కుడితేనని తెలుసు కదా. అయినా సరే, పోయేదాకా... ఏవిటో. కాసిని మంచినీళ్ళియ్యి నాయనా.