తాహెర్‌భాయ్ పేరు మీద పళ్ళెం

గుమ్మంలోనే నిలబడిపోతే ఎలా శాంతేరీ? లోపలికి రా. నేను లేచి రాలేను. పళ్ళెం పెట్టేశాను. పెట్టాక దాన్ని ఒంటరిగా వదలకూడదని మా బొహ్రా ముస్లింల నియమం. ఇన్నేళ్ళుగా పక్కింట్లో ఉంటున్నావు, నీకు నేను చెప్పాలా?

ఆ పీట లాక్కో. అటు కాదు, కిటికీ వైపు. కాలువ గాలి వస్తుంది. గుర్రపుడెక్క కుళ్ళిన వాసనా వస్తుందనుకో. ఏం చేస్తాం, ఈ అలెప్పీలో గాలి కావాలంటే దాన్నీ భరించాలి.

ఎంత పెద్ద పళ్ళెమో అని చూస్తున్నావా? ఎనిమిది మంది చుట్టూ కూర్చుని ఇందులోనే తింటుంటే మోకాళ్ళు తగిలేవి. ఆయన కొబ్బరిపీచు కొట్టు నడిపిన రోజుల్లో రెండో పళ్ళెం కూడా పడేది. ఓడలు రావడం మానేశాయి, మావాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటీ కొచ్చికి వెళ్ళిపోయాయి. మీ కొంకణీలకేం తల్లీ! గుడి ఉంది, అప్పడాల వ్యాపారం ఉంది, పోట్లాడుకోవడానికి వదినలున్నారు.

మా ఆయన తాహెర్‌భాయ్ పోయిన రోజు ఇవాళే. ఆ వానలో జనాజా మీద గొడుగు పట్టింది మీ ఆయనే. మర్చిపోతానా?

కొచ్చి నుంచి మావాళ్ళు వస్తున్నారు, వచ్చేదాకా కాస్త పళ్ళెం దగ్గర కూర్చోమని పొద్దున నిన్ను పిలిచానా? అబద్ధం. ఇదిగో, చెవులు పట్టుకుంటున్నా. ఎవరూ రావడం లేదు. నేనే రావద్దన్నాను.

పోయినేడు మా మరిది కొడుకు హుజైఫా వచ్చాడు. తింటున్నంతసేపూ ఒకటే నస. "కాకీ, తాళం వేసి మాతో వచ్చేయ్. నీ పక్కన కూర్చుని తినే మనిషి ఈ ఊళ్ళో ఎవరున్నారు?" అని. నాకు రోషం వచ్చింది. "ఎందుకు లేరు? వచ్చే ఏడు నువ్వు రాకు. ఆ రోజు నా పళ్ళెం దగ్గర ఎవరూ లేకపోతే, సాయంత్రమే బయల్దేరి మీ ఇంటికి వచ్చేస్తా" అన్నాను. ఆయన పేరు మీద అన్నాను శాంతేరీ! ఊరికే అన్న మాట కాదు.

ఇవాళ పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే ఫోన్ చేస్తాడు.

అందుకే ఈ నాటకం. భోజనానికి రమ్మంటే "మీ వంటింట్లో మాంసం కదా బాయీ" అని నవ్వి జారుకుంటావు. చూడు, ఇవాళ మాంసం లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. గిన్నెలన్నీ కొత్తవి. పప్పన్నం, మునక్కాయ పులుసు, గోధుమపిండీ బెల్లం కలిపిన మలీదా. ముందు ఉప్పు. వేలికొసతో కాస్త అద్దుకుని నాలిక మీద పెట్టుకో. నీ దేవుడినే తలుచుకో.

ఏమిటి, చెయ్యి వెనక్కి తీసుకున్నావు?

ఏకాదశా?

నా మతి మండా! గిన్నెలు చూశాను, ఉల్లి చూశాను, మీ పంచాంగం చూడలేదే! మా రోజాలు, మీ తిథులు, ఆ చర్చివాళ్ళ శుక్రవారాలు... ఈ ఊళ్ళో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఉపవాసమే! నవ్వకు. సరే, నవ్వు.

లేవకు, లేవకు. ముట్టమననులే. ఊరికే కూర్చో.

వాడు అడిగితే శాంతేరి కూర్చుందని చెబుతాను. తిన్నదా అని అడగడు. పళ్ళెం దగ్గర కూర్చున్న మనిషి తినలేదంటే మావాళ్ళలో ఎవరూ నమ్మరు. అడిగాడా... ఆయన రోజున ఇంకో అబద్ధం ఆడలేను. బట్టలు సర్దుకోవడమే.

అప్పటి సంగతి అప్పుడు. బిస్మిల్లా.

ఇంట్లో నీకు అప్పడాల పిండి ఎండిపోతూ ఉంటుంది, తెలుసు. అయినా నేను నెమ్మదిగానే తింటాను.