తీగ సాగని నీళ్ళు

కంకిపాడు దగ్గర కాలువ మీద వంతెన కడుతున్నారు. పునాది కోసం మిషన్‌తో తవ్వుతున్న బోరు గుంత పక్కన, ఇంజనీరమ్మ పాలిమర్ పొడి కలిపిన నీళ్ళ తొట్టిలో చేయి ముంచి పైకి తీసింది. నీళ్ళు కలిపే మేస్త్రీ పక్కనే నిలబడ్డాడు.

"ఇదేంటి, చుక్కలు రాలుతున్నాయి? తీగ సాగాలి కదా!"

"జోరుగా తిప్పాం కదా మేడమ్. తిప్పితే పల్చబడుద్ది, ఆపితే మళ్ళీ చిక్కబడుద్ది. దీని గుణమే అంత."

"ఆపి ఎంతసేపైంది?"

"పొద్దున టిఫిన్లప్పుడు ఆపామండి."

"ఇప్పుడు భోజనాల వేళ. ఇంకెప్పుడు చిక్కబడుతుంది? అసలు దేంతో తిప్పారు?"

"ఇక్కడి పంపు మరీ నిదానమని, మా పొలం మోటారు తెచ్చానండి. పది నిమిషాల్లో కలిసిపోయింది."

"ఆ జోరుకి లోపలి పోగులన్నీ తెగిపోయాయి మేస్త్రీగారూ. పల్చబడింది చిక్కబడుతుంది గానీ, తెగింది అతుక్కోదు. గుంతలో పోసింది ఈ నీళ్ళేనా?"

"ఇవేనండి. అరవై అడుగులూ నిండా పోశాం."

"చుట్టూ అంతా ఇసుక. అది కూలకుండా పట్టి ఉంచాల్సింది ఈ నీళ్ళే. మట్టం ఎక్కడుందో చూడండి."

"అంచుదాకా ఉండాలే... మేడమ్, కనబడట్లేదండి."

"ఇసుకలోకి ఇంకిపోయాయి. గుంత అంచున ఆ తవ్వే మిషన్ మీద ఎవరున్నారు?"

"మా అల్లుడండి, ఫిలిప్పు."

"దిగి వచ్చేయమని కేకెయ్యండి. ఇంజను ఆపడానికి కూడా ఆగొద్దనండి."

"ఆ ఇంజను మోతలో వాడికి నా కేక వినపడదు మేడమ్."