సుతాన్ మారాజో వేసిన తాళం

"మూడు తాళాలు చూశాను, ఒక్క పూటలో. అంతే. పెద్ద గొప్పేం కాదులే," అన్నాడు సుతాన్ మారాజో, వేయించిన అరటిముక్క తుంచుతూ.

జుస్నీ పిన్ని కాఫీకొట్టులో డొమినో బిళ్లల చప్పుడు ఆగిపోయింది. సుతాన్ "గొప్పేం కాదు" అన్నాడంటే వాన వెలిసేదాకా ఎవరూ లేవక్కర్లేదని ఆ ఊరికి తెలుసు. అదీగాక ఇవాళ అతని మాటతో పనుంది. సాయంత్రం అసర్ నమాజు కాగానే ఎదురుగా నేతగత్తెల సంఘం సమావేశం. సంఘం తయారు చేయిస్తున్న యాప్‌లో ఇంటింటి జరీనేత నమూనాలూ దాస్తారు. ఎవరింటి నమూనా వాళ్లకే తెరుచుకోవాలి. దానికి ఏ లాగిన్ పెట్టాలో చూసి చెప్పమని సుతాన్‌కి అప్పగించారు. యాప్ రాస్తున్నది అతని మరదలు యెల్ని. కిటికీ పక్క బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది.

ఆమె పక్కన యుస్మా అక్క. వాళ్లమ్మ చివరిసారిగా నేసిన నమూనా ఫొటో ఆమె ఫోన్లో ఉంది, ఆ ఫోను కొంగున ముడేసిన డబ్బులా భద్రంగా గుప్పిట్లో ఉంది. "తాళం సంగతి తేలందే ఇవ్వను. మా అమ్మ నేత రేపు సంతలో అచ్చుగుడ్డ మీద కనబడితే నేను బతికుండీ దండగ," అని ముందే చెప్పేసింది.

"మొదటిది సముద్రం అవతలి కంపెనీది," సుతాన్ మొదలెట్టాడు. "నెలనెలా అద్దె కట్టాలి. మంచిదే, కాదనను. బిగువు చూద్దామని ఒక్క మర తిప్పాను. ఒక్కటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేసినవాళ్లకే లోపలికి దారి మూసుకుపోయింది! వాళ్ల పెద్దాయన నాకు ఫోను. 'అయ్యా సుతాన్‌గారూ, ఆఫీసు బయట నిలబడ్డాం, మంచు కురుస్తోంది, పిల్లలున్నవాళ్లం, కాస్త వదులు చెయ్యండి' అని ఒకటే ఏడుపు. మనిషిని కదా, వదులు చేశాను."

"ఏ భాషలో ఏడ్చాడు?" అన్నాడు మాలిన్, బిళ్లలు దొంతి పెడుతూ.

"ఏడుపుకి భాషేంటి మాలిన్? నువ్వు ఓడినప్పుడు ఏ భాషలో ఏడుస్తావ్? సరే, రెండోది. ఇది ఉచితం. మన సర్వర్లోనే పెట్టుకోవచ్చు. దాని కోడంతా బయటే ఉంటుంది, దారినపోయేవాడైనా చదవచ్చు. మా యెల్ని దీని మీదే మనసు పడింది. చిన్నపిల్ల, పాపం."

"దారినపోయేవాళ్లు కాదు బావా, తెలిసినవాళ్లు వేలమంది చదివి తప్పులు దిద్దారు. అందుకే మనసు పడ్డాను."

"అదే నేనూ అంటున్నాను. అందరూ చదివేసింది తాళం ఎలా అవుతుంది, పాఠ్యపుస్తకం అవుతుంది గానీ! అయినా నీ మాట తీసెయ్యకూడదని తెరిచాను. సెట్టింగుల్లోకి వెళ్తే దానిలోపల ఇంకో సెట్టింగు, దాని కడుపులో ఇంకోటి. సరే చూద్దామని లోపలికి నడిచాను. నడిచాను, నడిచాను, ఫోన్లో సిగ్నల్ కూడా పోయింది. అంతలో పచ్చిమిరపకాయల ఘాటు. ఏంట్రా అని చూస్తే, నాకంటే ముందెప్పుడో దీన్ని సరిచేద్దామని దిగిన జకార్తా ఇంజినీర్లు ఇద్దరు! గడ్డాలు బొడ్డుదాకా పెరిగిపోయి, ఒక బటన్ చాటున పొయ్యి పెట్టుకుని అన్నం వండుకుంటున్నారు!"

"కూరేంటో?" అంది జుస్నీ పిన్ని, గ్లాసు తుడుస్తూ.

"ఎండుచేప. ఉప్పెక్కువైంది. నన్ను చూసి, 'అన్నా, బయటికి దారి తెలుసా' అని కాళ్ల మీద పడ్డారు. ఇద్దర్నీ నా లుంగీ అంచు పట్టుకోమని ఈడ్చుకొచ్చాను. ఇంటికి చేరాక ఒకడి కొడుకు వాణ్ణి గుర్తుపట్టక, గుమ్మంలోనే పాస్‌వర్డ్ అడిగాట్ట."

కొట్టంతా నవ్వింది. యుస్మా అక్క నవ్వలేదు. "మూడోదాని సంగతి చెప్పండి సుతాన్. పొద్దు పోతోంది," అంది.

"ఆ, మూడోది! అది నేను చేసింది." సుతాన్ గొంతు తగ్గించాడు. తగ్గిస్తే అందరూ ముందుకి వంగుతారని అతనికి తెలుసు. "పెట్టిన పూటే లోకంలోని దొంగలంతా వచ్చిపడ్డారు. వాళ్ల వరుస సంతబజారు దాటి, బస్టాండు చుట్టి, వెనక్కి వచ్చింది. ఒక్కడు తెరిస్తే ఒట్టు. ఆఖరికి సింగలాంగ్ కొండ మీద నుంచి తాతగారే దిగొచ్చారు."

ఆ ఊళ్లో పులిని పులి అనరు. తాతగారంటారు. మాలిన్ నోట్లో సిగరెట్టు అలాగే ఉండిపోయింది.

"వచ్చి, పంజా పెట్టి తట్టారు. 'తమరి అసలు పేరు?' అంది నా తాళం, చాలా మర్యాదగా. తాతగారు చాలాసేపు ఆలోచించారు. 'అబ్బాయ్, తరతరాలుగా అడవిలో ఎవరూ నా పేరు పలకలేదురా, నాకే గుర్తులేదు' అని మీసం దువ్వుకుంటూ వెనక్కి వెళ్లిపోయారు. ఆ పైన పొరబాటున నేను కొండ మీది మబ్బుని కూడా ఖాతాదారుల్లో చేర్చాను. నిన్న వాన ఎందుకు ఆలస్యమైందనుకున్నారు? పాపం, లాగిన్ అవ్వలేక పైన అలాగే నిలబడింది. నేనే వెళ్లి తెరిచాను."

"అయితే నా బట్టలు తడిసింది నీ వల్లేనా!" అన్నాడు మాలిన్.

యుస్మా అక్క మాత్రం పులి దగ్గరే ఆగిపోయింది. "పేరు అడిగిందా? ఎందుకని?"

"అక్కడే ఉందక్కా కిటుకంతా! పాస్‌వర్డంటే మనవాళ్లు మర్చిపోతారు, లేదా మగ్గానికి అంటించుకుంటారు. అందుకని నా తాళానికి పాస్‌వర్డే లేదు. ఒకటే అడుగుతుంది: ఈ ఇంటి అల్లుడి పుట్టుపేరేంటి? అంతే! ఇళ్లు మీ ఆడవాళ్లవి. మేం అల్లుళ్లం, వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. పెళ్లినాడు మాకు బిరుదిచ్చారు, నాకు సుతాన్ మారాజో అని. ఆ గడియ నుంచీ అత్తవారి ఊళ్లో మా పుట్టుపేరు ఎవరి నోటా రాదు. వస్తే ఆ ఇంటి పరువే పోతుంది. నేనొచ్చి ఇన్నేళ్లయింది, నా పేరు ఒక్కరైనా అన్నారా? ఇక ఎక్కడి దొంగకి తెలుస్తుంది? మన తాతముత్తాతలు ఎప్పుడో వేసిన తాళం ఇది. నేను కోడ్ రాశానంతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాట ఎక్కడో తగిలింది. అవును కదా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యుస్మా అక్క గుప్పిట విప్పి, ఫోను బల్ల మీద సుతాన్ వైపు జరిపింది.

యెల్ని దాని మీద చెయ్యి వేసింది.

"ఒక్క నిమిషం అక్కా. బావా, మీ ఖాతా కూడా ఆ తాళం కిందే ఉందా?"

"లేకపోతే! తెరవడం తాతగారి వల్లే కాలేదు."

"నేనొకసారి చూడనా?"

"చూడు తల్లీ, చూడు. చేతులు నొప్పెట్టేదాకా చూడు."

యెల్ని చుట్టూ చూసింది. "ఇక్కడ మా బావ పుట్టుపేరు తెలిసినవాళ్లెవరు?"

కొట్లో అందరూ ఒక్కసారిగా కాఫీగ్లాసుల్లోకి చూశారు. మాలిన్ డొమినో చుక్కలు లెక్కపెట్టాడు. జుస్నీ పిన్ని తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచింది.

"చూశారా!" సుతాన్ తొడ చరుచుకున్నాడు. "ఒక్కరు! ఒక్కరున్నారా!"

యెల్ని తల వంచుకుని టైపు చేసింది. పెదవైనా కదపలేదు. తర్వాత లాప్‌టాప్ అందరివైపూ తిప్పింది. తెర మీద పచ్చగా వెలిగింది: స్వాగతం, సుతాన్ మారాజో.

సుతాన్ అరటిముక్క నోటిదాకా వెళ్లి ఆగింది. "నువ్వు... నా పేరు..."

"నేనన్నానా బావా? మర్యాద తప్పానా? నోటితో అనకూడదన్నారు పెద్దలు. వేళ్లకేమీ చెప్పలేదు. మీ పెళ్లినాడు కాజీగారు మీ పేరు చదువుతుంటే ఊరంతా విన్నాం. ఎవరూ అనకపోతే ఎవరికీ తెలీదనుకున్నారా?"

"మైకు కూడా పెట్టించావు," అన్నాడు మాలిన్ మెల్లగా. "పక్కూరి మేకలక్కూడా తెలుసు సుతాన్."

ఎదుటి వీధిలో అసర్ బాంగు మొదలైంది. యుస్మా అక్క ఫోను వెనక్కి తీసుకుంది. తెర మీద వాళ్లమ్మ నేతని ఒకసారి బొటనవేలితో తుడిచి, యెల్ని చేతిలో పెట్టింది.

"ఆ గడ్డాలవాళ్లు తప్పిపోయారన్నాడే, దాంట్లో పెట్టు. అంత లోపలుంటే మా అమ్మ నేతకి భయం లేదు."

సుతాన్ కాఫీ చివరి గుక్క తాగి, లుంగీ సర్దుకుని లేచాడు.

"మొదట్నుంచీ నేను చెప్తున్నదీ అదే కదా," అన్నాడు. "వెళ్లేటప్పుడు చూసి నడువు యెల్నీ. ఆ బటన్ చాటున పొయ్యి ఇంకా ఆరి ఉండదు."