ఢిల్లీ సభలో గవరయ్య పేరు

తవిటమ్మ మొగుడు గవరయ్య నెత్తిన గోగుకట్ట పెట్టుకుని రైలు పట్టాలు దాటుతూ చనిపోయాడు. గెడ్డవలసకీ పెద్దూరికీ మధ్య పట్టాలు దాటే చోటు ఉంది చూడండి, అక్కడే. అప్పట్లో దానికి గేటు లేదు, కాపలా మనిషి లేడు. పక్కన జీడితోట, మలుపు తిరిగేదాకా బండి కనపడదు. గూడ్సు వచ్చింది, తగిలింది, వెళ్లిపోయింది. డ్రైవరుకి తెలియనైనా తెలీదంట. అప్పుడు ఏమైందంటే, ప్రెసిడెంటు నాయుడు పరుగున వచ్చి, పోలీసులకి చెబితే శవాన్ని కోస్తారే తవిటీ, గుండె ఆగి పోయాడని రాయించేద్దాం, అన్నాడు. కోస్తారంటే ఏ పెళ్లాం ఒప్పుకుంటుంది, మీరే చెప్పండి. వేలిముద్ర వేసింది. ఊరు ఊరంతా నోరు మూసుకుంది.

రెండేళ్లు పోయాయనుకోండి. కూతురు నీలవేణి పెద్దూరు హైస్కూల్లో చేరింది. దారి అదే, వేరే లేదు. రోజూ పొద్దున తవిటమ్మ కూడా వెళ్లి, పట్టా మీద చెవి ఆనించి, చప్పుడు లేదనుకున్నాకే పిల్లని దాటనిచ్చేది. సాయంత్రం మళ్లీ అంతే. ఒక చెంప ఎప్పుడూ నల్లగా ఉండేదంట. గేటు పెట్టించండని పంచాయతీలో అడిగింది, రైలు మా చేతిలోది కాదన్నారు. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లింది, రైలు మా సభలోకి రాదమ్మా, అది ఢిల్లీ సభది, అన్నాడు. సరే, పార్లమెంటు మెంబరు పెద్దూరు వచ్చిన రోజు దారికి అడ్డంగా నిలబడింది. "నేను నీకు ఓటెయ్యలేదు బాబూ, అవతల గుర్తుకి వేశాను. ముందే చెప్పేస్తున్నా," అంది. ఆయన నవ్వి, "వెయ్యనోళ్లకి వేరే మెంబరు లేడమ్మా, వాళ్లకీ నేనే. ఏం కావాలో చెప్పు," అన్నాడు. గేటు సంగతి చెప్పింది. మొగుడి సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ సభలో ప్రశ్న అడగడమంటే లేచి అడిగెయ్యడం కాదు. పదిహేను రోజుల ముందు రాసివ్వాలి. చీటీలు తీస్తారు. చీటీలో వస్తే మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. దానికి రోజుకి ఒక్క గంట, పదకొండు నుంచి పన్నెండు దాకా. మెంబరు రాసిచ్చాడు, మన ప్రశ్నకి ఎనిమిదో నంబరు పడింది. పంచాయతీ ఆఫీసులో టీవీ ముందు ఊరంతా కూర్చుంది. మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న, అంతలో ఎవరో అరిచారు, ఎవరో ఎవరి మీదకో వెళ్లారు, సభ ఆగింది, మళ్లీ మొదలైంది. ఆరో ప్రశ్న నడుస్తుండగా పన్నెండు కొట్టింది. "మన గేటు ఏదే?" అని ముసలి పోలమ్మ అడిగితే, "గొడవలో తొక్కేశారే అత్తా," అన్నారెవరో. కానీ నోటికి అందకపోయినా కాగితం మీద జవాబు ఇచ్చి తీరాలంట. ఆ కాగితం పట్టుకుని మెంబరే ఊరికి వచ్చాడు, చదివి వినిపించాడు. అందులో ఏముందంటే, ఆ చోట రాకపోకలు తక్కువ, గత పదేళ్లలో ఒక్క మనిషి కూడా చనిపోలేదు, గేటు అవసరం కనపడలేదు, అని.

తవిటమ్మ లేచింది. "అబద్ధం బాబూ!" అంది. ఆయన నెమ్మదిగా, "మంత్రి అబద్ధం చెబితే సభలో దిద్దించవచ్చమ్మా. కానీ ఈ మంత్రికి ఊళ్ల నుంచి వెళ్లిన లెక్కలే ఆధారం. అందులో చావు లేదు," అన్నాడు. అందరూ నాయుడి వైపు చూశారు. నాయుడు నేల చూశాడు. అప్పుడు తవిటమ్మ బొటనవేలు పైకి చూపించి, "ఆ అబద్ధం ఈ వేలిది బాబూ. నా మొగుడు గుండె ఆగి పోలేదు, అక్కడే పోయాడు. కోస్తారని భయపడి నేనే ఆ మనిషిని లెక్కలోంచి తీసేశాను. జైల్లో పెట్టినా సరే, రాసుకో," అంది. తర్వాత వెనక నుంచి పోలమ్మ, "మా పెద్దోడు కూడా అక్కడేనయ్యా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయుడే కలం తీసి మెంబరుకి ఇచ్చాడు. "మొదట రాయించింది నేను బాబూ, ఆ మాట కూడా రాయండి," అన్నాడంట.

మెంబరు అన్నీ రాసుకుని ఆ కాగితాలు తీసుకుని వెళ్లాడు. ప్రశ్నల గంట అయ్యాక, ముందు పేరిచ్చుకున్న వాళ్లకి తలా కాసింత సేపు ఇస్తారు. అందులో లేచి, గెడ్డవలస గవరయ్య, గోగుకట్టతో పట్టాలు దాటుతూ చనిపోయాడు, అని పేరు పెట్టి చదివాడు. పోలమ్మ కొడుకు పేరూ చదివాడు. అక్కడ అన్న ప్రతి మాటా రాయడానికి మనుషులు ఉంటారంట. టీవీలో గవరయ్య పేరు వినపడగానే తవిటమ్మ తల మీద కొంగు సర్దుకుంది, ఆయన ఇంట్లోకి వచ్చినట్టు.

గేటు వెంటనే రాలేదు. మళ్లీ ఒక ఉత్తరం, మళ్లీ ఒక కొలత, ఏడాదిన్నర పట్టింది. వచ్చింది. ఇప్పుడు గేటు పడితే బళ్లవాళ్లు హారన్లు కొడతారు, విసుక్కుంటారు. పక్కనే గోగుకూర అమ్ముకునే తవిటమ్మ మాత్రం, "ఆగండ్రా, మా ఆయన ఆపాడు," అంటుంది. నేనూ ఇందాక అక్కడే పావుగంట ఆగి వచ్చాను. కథ ఆలస్యమైందని నన్ను తిడితే తిట్టండి, గవరయ్యని మాత్రం ఏమీ అనకండి.