గుడ్లు పెట్టాల్సిన రోజు

సముద్రపు చేపల్ని తొట్లలో పెంచి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని తీసే హేచరీ అది. పొద్దున్నే పనిలోకి వచ్చిన మరదలు తల్లి చేప తొట్టిలోకి తొంగిచూసి, తడి చేతులతోనే యజమాని గదిలోకి వచ్చింది. ఆయన ఆమె అక్క భర్తే.

"బావగారూ, తల్లి చేప ఏదీ?"

"కూర్చోమ్మా. నిన్న నువ్వెళ్లాక లైసెన్సులిచ్చే ఆఫీసరుగారు భోజనానికొచ్చారు."

"నేనడిగింది చేప గురించి."

"అదే చెబుతున్నా. ఆయన ముందు పెట్టదగ్గది ఇంట్లో ఏమీ లేదు."

"ఛీ! వండించేశారా? అక్క ఎలా వండగలిగింది?"

"బజార్లో కొన్నానని చెప్పాను."

"నాలుగేళ్లు పెంచాను దాన్ని! నిన్ననే ఇంజక్షన్ కూడా చేశాను. ఇవాళ గుడ్లు పెట్టేది."

"ఆ గుడ్లే ఆయనకి తెగ నచ్చాయి. అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నారు."

"ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది? పుట్టబోయే పిల్లల మేతకని నెల్రోజులుగా కంటికి ఆనని పురుగుల్ని పెంచుతున్నాను నేను!"

"ఆగాగు. ఆ ఇంజక్షన్ వల్ల ఆఫీసరుగారికేం కాదు కదా?"

"మీతో మాట్లాడాలంటేనే అసహ్యమేస్తోంది."

"చేపేగా! ఇంకోటి తెప్పిద్దాం."

"ఇంకోటి మనిషి నీడ పడితేనే తొట్టి మూలకి పారిపోతుంది. ఇదీ మొదట్లో అంతే. అసలు మీకెలా దొరికింది? ఎంతమంది కలిసి వలేశారు?"

"వలెందుకమ్మా? నువ్వు మేతకి పిలవడం రోజూ చూస్తూనే ఉన్నాగా. తొట్టి అంచు మీద నీలాగే మూడుసార్లు తట్టాను. నేరుగా నా చేతి కిందికొచ్చి ఆగింది, పాపం."